ఏకజగత్కథలయందు ప్రామాణ్యవిచారము

పలువురు కర్తలు వేరువేరు కాలములందు రచించిన కథలన్నియు నొకే లోకమునందు, ఒకే కాలక్రమమున జరిగినవని ముందుగా నొడంబడి, ఒక కథలోని పాత్రము వేరొక కథలోనికి వచ్చుటకును, ఒకచోట జరిగిన సంఘటనము మరియొకచోట జ్ఞప్తికి తేబడుటకును వీలు కల్పించు రచనాపద్ధతి యొకటి యమెరికాదేశమున గడచిన శతాబ్దమునందు మిక్కిలి వృద్ధిపొందినది. అట్టి కథాసముదాయమును ఏకజగత్కథ యనవచ్చును. అతిమానుషశక్తులు గల వీరుల బొమ్మల కథలును, వానినుండి పుట్టిన చలనచిత్రములును, టెలివిజను ధారావాహికలును దీనికి ప్రధానోదాహరణములు. ఈ కథల నాదరించువారు కథ బాగున్నదా లేదా యను విచారముతో తృప్తినొందక, ఇది ప్రమాణమా, అప్రమాణమా యని సంవత్సరములతరబడి వాదించుచుందురు. పూర్వమీమాంసను, పురాణవ్యాఖ్యానములను పఠించినవారి కీ వాదముల తీరు చిరపరిచితముగ దోచును. మార్వెల్ సంస్థవారి ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ అను టెలివిజను ధారావాహిక విషయమున జరిగిన వాదము వీనిలో నెల్ల దీర్ఘమైనది, విచారింపదగినది.

ఇట్టి చర్చ వీరకథలతో పుట్టినది కాదు. ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన షెర్లాక్ హోమ్స్ కథలు నాలుగు నవలలు, ఏబదియారు చిన్నకథలు. వీనిలో మొదటి నవలయందు వాట్సను వైద్యునికి తుపాకిగుండు భుజమునకు తగిలినదని యున్నది. రెండవ నవలయందు కాలికి తగిలినదని యున్నది. 1911 లో రోనాల్డ్ నాక్స్ అను విద్వాంసుడు ఆక్స్‌ఫర్డునందు చదివిన యొక ప్రసంగములో, క్రైస్తవ వేదగ్రంథమును విమర్శకులు పరిశోధించు పద్ధతినే యీ కథలకు పరిహాసముగ ప్రయోగించి, వీనిలో మూలమేది, ప్రక్షిప్తమేది యని విచారించెను. అది హాస్యము. హాస్యముగా మొదలైన పద్ధతి తరువాతివారికి నిజమైన వ్యాసంగమైనది. 1934 లో న్యూయార్కున నేర్పడిన హోమ్స్ అభిమానుల సంఘమువారు అరువది కథలను ప్రమాణగ్రంథసముదాయముగ నంగీకరించి, విరుద్ధవాక్యముల సమన్వయించుటయే పనిగా పెట్టుకొనిరి. డాయిల్ మరచి వ్రాసెనని యొప్పుకొన్నచో రెండు నిమిషములలో తీరు చిక్కును వారు వాట్సనునకు రెండు గాయములు తగిలినవనియు, వంగియుండగా నొకే గుండు రెండుచోట్ల దూసిపోయినదనియు పలువిధముల వ్యాఖ్యానించిరి. కర్తృదోషమును చెప్పక గ్రంథముచేతనే గ్రంథమును నిలుపుట వారి నియమము.

మార్వెల్ వారి బొమ్మల పత్రికలలో 1940 లోనే జలచరవీరుడగు నేమరును, అగ్నివీరుడగు హ్యూమన్ టార్చియు నొకరితో నొకరు పోరాడిరి. అంతవరకు వేరువేరు రచయితల సొత్తుగానుండిన రెండు కథ లానాటినుండి యొకే నగరమున జరిగిన వైనవి. 1960ల దశకమునందు స్టాన్ లీ సంపాదకత్వమున నీ సంబంధము దట్టమైనది. పాఠకులు కథలలోని పూర్వాపరవిరోధములను పట్టి లేఖలు వ్రాయుచుండగా, ఆ విరోధము విరోధము కాదని యుక్తిచే నిరూపించినవారికి సంస్థవారు ‘నో ప్రైజ్’ అను పేర నొక బహుమానము నేర్పరచిరి. తపాలాలో వచ్చునది ఖాళీకవరు మాత్రమే. అయినను దానికై పిల్లలును పెద్దలును పడిన శ్రమ తక్కువది కాదు. తప్పును పట్టుటకంటె తప్పును సమర్థించుటయే గొప్ప యను సంస్కార మీ పాఠకలోకమున నాటుకొనుటకు ఆ ఖాళీకవరు కొంత కారణము.

పోటీసంస్థయగు డీసీ వారు వేరొక మార్గమును త్రొక్కిరి. వారి ఫ్లాష్ అను వేగవీరుడు 1940 నాటి కథలలో నొకడు, 1956 నాటి కథలలో మరియొకడు. ఇద్దరికిని పేరొకటే, శక్తియొకటే. 1961 లో గార్డ్నర్ ఫాక్స్ రచించిన కథయందు ఈ యిద్దరును రెండు వేరువేరు భూములయందలివారని చెప్పబడి, ఒకరినొకరు కలిసికొనిరి. పురాణములయందు వినాయకుని జన్మము ఒకచోట నొక తీరుగా, వేరొకచోట నింకొక తీరుగా నుండగా వ్యాఖ్యాతలు కల్పభేదముచే రెండును సత్యములేయని సమన్వయించుట పండితు లెరిగినదే. ఫాక్స్ చేసినది సరిగా నదియే. వ్యాఖ్యాతకు మారుగా రచయితయే కల్పభేదమును కథలోనికి దెచ్చెను. ఇరువదియేండ్లలో ఆ భూములు లెక్కకు మిక్కిలియై, క్రొత్తపాఠకుడు దారితప్పు స్థితి వచ్చుటచే 1985–86 సంవత్సరములలో పండ్రెండు సంచికల మహాకథ నొకటి వెలువరించి, ఆ లోకముల నన్నింటిని ప్రళయములో కలిపి యొకటి చేసిరి. ఆ ప్రళయమును పొందిన కథలు జరిగినవా, జరుగలేదా యను ప్రశ్న మాత్రము ప్రళయమునుండియు బ్రతికి బయటపడినది.

మార్వెల్ వారు 2008 నుండి చలనచిత్రములలో నీ పద్ధతిని ప్రవేశపెట్టిరి. ‘ఐరన్ మేన్’ అను మొదటి చిత్రమునందే ఫిల్ కౌల్సన్ అను నొక రాజోద్యోగి కనబడును. షీల్డ్ అను రహస్యరక్షకసంస్థలో నతడు సామాన్యోద్యోగి, శక్తులేవియు లేవు. 2012 నాటి ‘అవెంజర్స్’ చిత్రమున లోకి యనువాడు వీనిని పొడిచి చంపును. పరస్పరము కలహించుచున్న వీరు లేకమగుట యీ మరణమువలననే. కావున నా చిత్రమున కథకు మూలస్తంభ మా మృతి.

2013 సెప్టెంబరు 24 న నేబీసీ టెలివిజనులో ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ ప్రారంభమైనది. అందు కౌల్సన్ సజీవుడు. పరగ్రహవాసియొక్క రక్తమునుండి తీసిన యౌషధముచే నతనిని బ్రతికించిరనియు, ఆ బాధను మరపించుటకై తాహితి ద్వీపమున విశ్రాంతి పొందినట్లు కపటస్మృతిని కల్పించిరనియు మొదటి సీజనులో క్రమముగ వెల్లడియగును. ధారావాహిక 2020 ఆగస్టు 12 వరకు ఏడు సీజనులు, నూటముప్పదియారు ప్రకరణములు నడచినది. ఇన్నియేండ్లలో చలనచిత్రములలోని ప్రధానవీరులకు కౌల్సన్ బ్రతికియున్నాడను వార్త తెలిసినట్లు ఏ చిత్రమునందును చూపబడలేదు. చలనచిత్రములను మాత్రమే చూచిన ప్రేక్షకునికి, అనగా 2018 లో ‘ఇన్ఫినిటీ వార్’ చిత్రమును రానా దగ్గుబాటి గాత్రముతో తెలుగున విని యానందించిన ప్రేక్షకుని వంటివానికి, అతడు చచ్చినవాడు చచ్చినట్లే యున్నాడు.

ఇక్కడనే వాదమునకు బీజము కలదు. ప్రమాణమను పక్షమువారు చెప్పు మొదటి హేతువు పాత్రల రాకపోకలు. షీల్డ్ సంస్థకధ్యక్షుడగు నిక్ ఫ్యూరీ పాత్రమున శామ్యూల్ జాక్సన్, అస్గార్డు యోధయగు సిఫ్ పాత్రమున జేమీ అలెగ్జాండర్, చలనచిత్రములనుండి తామే వచ్చి యీ ధారావాహికలో నటించిరి. ‘అంతయు సంబద్ధమే’ యని సంస్థవారే యానాడు ప్రకటనలలో చాటిరి. 2015 నాటి ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’ చిత్రాంతమున ఫ్యూరీ యొక మహావిమానవాహకనౌకతో హఠాత్తుగా వచ్చి ప్రజలను రక్షించును. అది యెక్కడినుండి వచ్చినదో చిత్రమున తృప్తికరముగ చెప్పబడలేదు. ధారావాహికలో కౌల్సన్ దానిని రహస్యముగ బాగుచేయించి యుంచెనని యున్నది. చిత్రమున నున్న యాకాంక్షను ధారావాహిక పూరించుచున్నది గనుక రెండింటికి నేకవాక్యత కలదని వీరి వాదము.

ఈ హేతువు బలమైనదే కాని, దానియందొక లోపమున్నది. ధారావాహికకు చలనచిత్ర ముపజీవ్యము. అది లేనిచో నిది యర్థము కాదు. చలనచిత్రమునకు ధారావాహిక యుపజీవ్యము కాదు. ఆ నౌక యెట్లు వచ్చెనో తెలియకున్నను చిత్రము నడచినది. ఉపజీవకము ఉపజీవ్యమును విరోధించినచో నుపజీవకమే బాధింపబడునను న్యాయ మిక్కడ వర్తించును. అట్టి విరోధము కలదా యనునదే తరువాతి ప్రశ్న.

విరోధము 2018 లో కలిగినది. ‘ఇన్ఫినిటీ వార్’ చిత్రాంతమున థానోసు చిటికవేయగా విశ్వమునందలి ప్రాణులలో సగము ధూళియై పోవును. ఆ సగము తిరిగివచ్చుటకు కథాకాలమున నైదేండ్లు పట్టినదని 2019 ఏప్రిల్ నాటి ‘ఎండ్‌గేమ్’ చిత్రమువలన తెలియును. ధారావాహిక యైదవ సీజను చివరి ప్రకరణములు ‘ఇన్ఫినిటీ వార్’ ప్రదర్శింపబడుచున్న దినములలోనే ప్రసారమైనవి. అందు థానోసు పేరు చెప్పబడినది. న్యూయార్కుపై జరుగుచున్న దాడియు ప్రస్తావింపబడినది. చిటిక మాత్రము లేదు. ఆరవ సీజను ఒక సంవత్సరము తరువాతి కథ. అందును జనులు వీధులలో యథాపూర్వముగ తిరుగుచున్నారు. ఎవ్వరును లోపించినట్లు లేదు.

చెప్పకుండుట లేదనుట కాదని ప్రమాణవాదులు సమాధానము చెప్పిరి. పై చూపునకిది సరియే. పుస్తకమున వర్షమును గూర్చి వ్రాయనంతమాత్రమున నాయేడు వర్షము కురియలేదని చెప్పరాదు. కాని తార్కికులు యోగ్యానుపలబ్ధి యను దానిని వేరుగా గణించిరి. ఉండినచో తప్పక కనబడదగిన వస్తువు కనబడకున్నప్పుడు, ఆ కనబడమియే దాని లేమికి సాధకము. లోకమున సగము జనము నశించుట వర్షము వంటిది కాదు. ఒక రక్షకసంస్థ యుద్యోగులు సంవత్సరకాలము దానిని మాటవరుసకైన తలపకుండుట, అది వారి లోకమున జరుగలేదనుటకే సాక్ష్యము. ప్రతిపక్షమువారు తర్కశాస్త్రమును చదివినవారు కాకున్నను, ఈ భేదమును చక్కగ పట్టిరి.

అంతట ప్రమాణవాదులలో సూక్ష్మబుద్ధులు వేరొక మార్గమును కనుగొనిరి. ఐదవ సీజనులో కౌల్సన్ పరివారము భూమి పగిలి ముక్కలైయున్న 2091 నాటి భవిష్యత్తునకు కొనిపోబడి, మరలివచ్చి, ఆ వినాశము జరుగకుండ నాపుదురు. గతమును మార్చినచో నది మన గతమును మార్చదు, క్రొత్తశాఖ యొకటి పుట్టునని ‘ఎండ్‌గేమ్’ చిత్రముననే సిద్ధాంతము చేయబడినది. కావున భూమి పగులకుండ నాపిన నాటినుండి ధారావాహికలోకము వేరుశాఖయైనదనియు, చిటిక మూలశాఖయందు మాత్రమే జరిగినదనియు వీరి కల్పన. 2021 నాటి ‘లోకి’ ధారావాహిక కాలశాఖల విషయమునే ప్రధానవస్తువుగ గైకొనుట వీరికి మరింత బలమైనది. ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ ఏడవ సీజనునందు సైతము శాఖాకాలము లున్నవి. మూలకాలమునకు మరలివచ్చుటకు పాత్రలు ‘ఎండ్‌గేమ్’ చిత్రమునందలి క్వాంటం లోకమార్గమునే యాశ్రయించుదురు.

ఇది కల్పభేదమే. గ్రంథమునందలి వాక్యములచేతనే సాధింపబడినది గనుక నిది కేవలము ఖాళీకవరు బహుమానమునకు తగిన యుక్తి కాదు. అయినను దీనికి చెల్లింపవలసిన మూల్య మొకటి కలదు. వాదము ధారావాహికను మూలజగత్తులో నిలుపుటకై మొదలైనది. ముగియునప్పటికి దాని యుత్తరార్ధమును మూలజగత్తునుండి తామే వెడలించిరి. అదియు గాక, కల్పభేద మొకసారి యంగీకృతమైనచో దేనినైనను దానిచే సమర్థింపవచ్చును. దేనినైనను సమర్థింపగల హేతువు దేనిని నిరూపించును? డీసీ వారు 1961 లో తెరచిన తలుపును 1985 లో ప్రళయము దెచ్చి మూయవలసివచ్చుట కిదియే కారణము. కౌల్సన్ మృతి యీ కల్పమున మృతి, ఆ కల్పమున జీవము అనినచో, వీరుల నేకము చేసిన యా మరణమునకు గల బరువు సడలును.

విరోధపరిహారములలో నొకటి మాత్రము చెప్పక విడువరానిది. నాలుగవ సీజనులో డార్క్‌హోల్డ్ అను మాంత్రికగ్రంథ మున్నది. 2021 నాటి ‘వాండావిజన్’ ధారావాహికలో నదే పేరుగల గ్రంథము పూర్తిగ వేరైన యాకారముతో కనబడినది. రెండు గ్రంథములు కావలెనని కొందరు, మొదటిది అప్రమాణమని కొందరు ననిరి. మూడవ సమాధాన మిది: నాలుగవ సీజనులోనే యా గ్రంథము చదువువాని మాతృభాషలో తన యక్షరములను చూపునని చెప్పబడినది, చదువరినిబట్టి లోపలి యక్షరములు మారు గ్రంథమునకు వెలుపలి యట్ట మారుటలో వింత లేదు. ఈ యుక్తియందు క్రొత్తలోకముల కల్పనము లేదు. గ్రంథోక్తమగు ధర్మమునే యొకమెట్టు ముందునకు నడపినది. శాఖాకల్పనకంటె నిది వేయిమడుగులు మేలు.

ఇంతవరకు చెప్పిన సమాధానములన్నియు గ్రంథాంతర్గతములు. విరోధమునకు నిజమైన కారణము గ్రంథమునకు వెలుపల నున్నది. చలనచిత్రములు నిర్మించు శాఖయు, టెలివిజను శాఖయు మార్వెల్ సంస్థలో వేరువేరు. 2015 లో చలనచిత్రశాఖ మాతృసంస్థయగు డిస్నీవారి చిత్రవిభాగము క్రిందికి పోయినది. టెలివిజనుశాఖ పూర్వపు యజమాన్యము క్రిందనే నిలిచినది. ఆరవ సీజను ‘ఎండ్‌గేమ్’ విడుదలకు ముందే చిత్రీకరింపబడి ముగిసినది. చిటిక లేకుండుటకు కాలశాఖలు కారణము కావు, కార్యాలయములు కారణము. 2019 అక్టోబరున చలనచిత్రశాఖాధిపతి కెవిన్ ఫైగీ సృజనవ్యవహారముల కంతటికి నధికారియయ్యెను. డిసెంబరున టెలివిజనుశాఖ మూసివేతకు నిర్ణయము జరిగినది. అభిమానులలో పలువు రీ చరిత్రను చక్కగ నెరుగుదురు. ఎరిగియు, వాదమున దీనిని తెచ్చుట యాటనియమమునకు విరుద్ధమని హోమ్స్ భక్తులవలెనే భావింతురు. మహాభారతసంశోధనమున ప్రతుల చరిత్రను విచారింపక, సమన్వయముతోనే సరిపెట్టుకొనుట ఎట్టిదో యిదియు నట్టిదే.

సంస్థవారి మాటయే ప్రమాణమనువా రొక వర్గము కలరు. 2023 అక్టోబరులో మార్వెల్ చలనచిత్రజగత్తు కాలక్రమమును తెలుపు నధికారికగ్రంథము వెలువడినది. అందు ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ సంఘటనములు లేవు. పీఠికలో ఫైగీ, వేరుకాలములందు వేరుకథకులు చేసిన రచనలును మార్వెల్ దృష్టిలో ప్రమాణములేయనియు, ఈ గ్రంథము మాత్రమొక కాలరేఖకు పరిమితమనియు, ముందు కాలరేఖలు కలియనువచ్చుననియు భావము వచ్చునట్లు వ్రాసెను. ఈ పీఠికనే రెండు పక్షములవారును తమకు సాధకముగ నుదాహరించిరి. ఆప్తవాక్యము ప్రమాణమగుటకు వక్త యథార్థవాదియు, స్థిరవాదియు కావలెను. అంతయు సంబద్ధమేయని నాడు చాటి, కొంతయే సంబద్ధమని నేడు చూపు సంస్థ కథలకు స్వామియే కాని, వానివిషయమున నాప్తుడనుట కష్టము.

కథలోని సాక్ష్యములలో నెల్ల బలీయమైనది జార్విసుది. ‘ఏజెంట్ కార్టర్’ అను ధారావాహికలో 2015–16 సంవత్సరములందు జేమ్స్ డార్సీ ధరించిన సేవకపాత్ర మది. 2019 లో ‘ఎండ్‌గేమ్’ చిత్రమున 1970 నాటి దృశ్యమందు నదే నటుడు అదే పాత్రముగ క్షణకాలము కనబడెను. టెలివిజనునుండి చలనచిత్రమునకు వెళ్ళిన మొదటిపాత్ర మదియే. తరువాత 2021 డిసెంబరులో ‘డేర్‌డెవిల్’ ధారావాహికలోని ప్రధాననటుడు ‘స్పైడర్ మేన్’ చిత్రమునను, ప్రతినాయకుడు ‘హాకై’ ధారావాహికలోను కనబడిరి. 2024 జనవరిలో డిస్నీవారి ప్రసారకేంద్రమందలి కాలక్రమపట్టికలో ‘డేర్‌డెవిల్’ చేర్పబడినది. 2025 మార్చిలో దాని కథ క్రొత్తధారావాహికగ కొనసాగినది. ఆ పట్టికలో కౌల్సన్ కథకు చోటు దొరకలేదు.

ఈ రెంటికి గల భేదమును పరిశీలించినచో, ప్రమాణమను నొకే పదము రెండర్థములలో వాడబడుటయే వాదము తెగకుండుటకు హేతువని తెలియును. ఒక కథ పూర్వకథలకు బద్ధమై, వానియర్థమును పెంచి, వానితో కలిసి చదువబడదగినదిగా నుండుట యొకటి. రాబోవు కథలు ఆ కథకు బద్ధములై, దానిని జ్ఞప్తియందుంచుకొని నడచుట వేరొకటి. కర్త గతించిన గ్రంథములయందు రెండవదానికి ప్రసక్తియే లేదు. డాయిల్ ఇంక వ్రాయడు. జీవించుచున్న కథాజగత్తునందు రెండవదియే ప్రేక్షకుల నాందోళపెట్టునది. ఏడేండ్లు తాము వెంబడించిన పాత్రల సుఖదుఃఖములు ముందుకథలలో నొకనికైనను జ్ఞాపకముండునా యనునది వారి ప్రశ్న. డేర్‌డెవిల్ కథకు రెండవ ప్రామాణ్యము లభించినది. కౌల్సన్ కథకు లభింపలేదు. అది లభింపమిచే మొదటిది పోవునని ప్రతిపక్షులును, మొదటిది కలదు గనుక రెండవది యీయవలసినదేయని ప్రమాణవాదులును తలచుట రెండును పొరపాటులే.

మొదటి ప్రామాణ్యమునకు 2014 ఏప్రిల్ మాసమే నిదర్శనము. ఆ నెల 1 న ధారావాహిక పదునారవ ప్రకరణము ప్రసారమైనది. 4 న ‘కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్’ చిత్రము విడుదలయైనది, అందు షీల్డ్ సంస్థ లోలోపల హైడ్రా యను శత్రుసంఘముచే నిండియున్నదని తెలిసి, సంస్థయే కూలిపోవును. 8 న ప్రసారమైన పదునేడవ ప్రకరణమున నదే పతనము కౌల్సన్ విమానములో, సామాన్యోద్యోగుల నడుమ జరుగును; పదునారు ప్రకరణములుగ ప్రేక్షకుడు నమ్మిన వార్డు అను యువకుడు శత్రువని తేలును. ఇప్పటికిని అభిమానులు తయారుచేయు దర్శనక్రమపట్టికలలో పదునారవ ప్రకరణమునకును, పదునేడవ ప్రకరణమునకును నడుమ ఆ చలనచిత్రము పేరు వ్రాయబడియుండును.